పదిహేడేళ్ల సంతకం

హైస్కూలు పట్టా చేతికి రాకముందే అమెరికా కుర్రాళ్లు సైన్యంలో చేరుతున్నారు. అక్కడి తెలుగు ఇళ్లకూ రిక్రూటర్ల ఫోన్లు వస్తాయి. సంతకం పెట్టే ముందు ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సినవి చాలానే ఉన్నాయి.

జూన్ మొదట్లో పదకొండో తరగతి పరీక్షలు అయిపోతాయి. తోటి పిల్లలు వేసవి ఉద్యోగాలకో, ఈత కొలనులకో పోతుంటే ఒకడు మాత్రం సౌత్ కరోలైనాలోని ఫోర్ట్ జాక్సన్‌ దారి పడతాడు. అక్కడ ముందు తల గొరిగేస్తారు, ఫోన్ తీసుకుంటారు. ఆ తర్వాత పది వారాలపాటు తెల్లవారకముందే లేవాలి. రైఫిల్ విప్పి, తుడిచి, మళ్లీ బిగించాలి. వీపున బరువేసుకుని మైళ్లకు మైళ్లు నడవాలి. కళ్లు మండే గ్యాస్ నింపిన గదిలో మాస్కు తీసి నిలబడాలి. సెలవులయ్యేసరికి ఇంటికొచ్చి పన్నెండో తరగతిలో కూర్చుంటాడు. నెలకో వారాంతం యూనిఫాం తొడుక్కుని డ్రిల్లుకు వెళ్తాడు, సోమవారం పొద్దున లెక్కల పరీక్ష రాస్తాడు. వాడికింకా ఓటు హక్కు రాలేదు.

దీన్ని ‘స్ప్లిట్ ట్రైనింగ్ ఆప్షన్’ అంటారు. ఆర్మీ నేషనల్ గార్డ్‌లోనో, ఆర్మీ రిజర్వ్‌లోనో చేరే స్కూలు పిల్లల కోసం శిక్షణను రెండు ముక్కలు చేశారు. మొదటి ముక్క పదకొండు, పన్నెండు తరగతుల మధ్య వేసవిలో. మెకానిక్కో, వైద్య సహాయకుడో, సిగ్నల్ ఆపరేటరో అయ్యే రెండో ముక్క పట్టా పుచ్చుకున్నాక. ఇందులో దొంగచాటు ఏమీ లేదు. అమెరికా చట్టం 17 ఏళ్లు నిండినవాణ్ని సైన్యంలోకి తీసుకోనిస్తుంది. 18 నిండేదాకా తల్లిదండ్రుల లిఖితపూర్వక అనుమతి మాత్రం తప్పనిసరి. ఆ అనుమతి లేకుండా చేర్చుకున్నారని తేలితే, చేరిన 90 రోజుల్లోగా అడిగి పిల్లవాణ్ని వెనక్కి తెచ్చుకునే హక్కు తల్లిదండ్రులకు ఉంది.

అంత చిన్నవాళ్ల వెంట పడాల్సిన అవసరం అంత పెద్ద దేశానికి ఎందుకొచ్చింది? వియత్నాం యుద్ధం చివర్లో, 1973 జనవరిలో, అమెరికా నిర్బంధ సైనిక సేవకు స్వస్తి చెప్పింది. అప్పటి నుంచి ప్రతి ఏడూ తనకు కావాల్సిన మనుషులను నచ్చజెప్పి తెచ్చుకోవాల్సిందే. 2022లో ఒక్క ఆర్మీయే 60 వేల మందిని చేర్చుకోవాలని లెక్క వేసుకుని, 15 వేల దగ్గర తక్కువ పడింది. లక్ష్యం అందకపోవడానికి కారణాలు వెతికితే, బరువు, చదువు, ఆరోగ్యం, మత్తు, పోలీసు కేసులు వగైరాల వల్ల అమెరికా యువతలో నాలుగింట మూడొంతుల మందికి పైగా మినహాయింపు లేకుండా చేరే అర్హతే లేదని రక్షణ శాఖ అధ్యయనమే చెప్పింది. మిగిలిన ఆ కొద్దిమందిలో చాలామంది కాలేజీకి పోతారు. కాలేజీ వాళ్లను ఎగరేసుకుపోకముందే పట్టుకోవాలంటే రిక్రూటర్ వెళ్లాల్సింది స్కూలుకే. తర్వాతి సంవత్సరాల్లో పరిస్థితి మెరుగుపడింది. 2024లో 55 వేల లక్ష్యం అందింది, 2025లో 61 వేల లక్ష్యం గడువుకు నాలుగు నెలల ముందే నిండింది. అలాగని రిక్రూటర్లు స్కూళ్ల వైపు చూడటం ఏమీ మానలేదు.

రెండు ప్రమాణాల మధ్య

అసలు కథ ఇక్కడుంది. స్కూల్లో ఉండగా చేరే పిల్లల్లో ఎక్కువమంది గార్డ్‌లో కాదు, ‘డిలేడ్ ఎంట్రీ ప్రోగ్రామ్’ కింద రెగ్యులర్ దళాల్లో చేరతారు. ఇప్పుడు సంతకం, ఏడాదిలోపు ప్రయాణం. 365 రోజుల వరకూ గడువు ఇవ్వొచ్చని చట్టం. ఆర్మీ వీళ్లను ‘ఫ్యూచర్ సోల్జర్స్’ అంటుంది, మెరీన్లు ‘పూలీ’ అని పిలుస్తారు.

రిక్రూటర్ ఒకరోజు తెల్లవారుజామునే కుర్రాణ్ని తీసుకెళ్లి ‘మెప్స్’ అనే కేంద్రంలో దింపుతాడు. రక్తం, మూత్రం, కళ్లు, చెవులు, కీళ్లు పరీక్ష చేస్తారు. కాగితాల మీద సంతకాలు అవుతాయి. జెండా ముందు నిలబెట్టి కుడిచెయ్యి ఎత్తించి ప్రమాణం చేయిస్తారు. అమ్మానాన్నలు ఫొటోలు తీసుకుంటారు. పిల్లవాడి దృష్టిలో ఇంక తను సైనికుడే. నిజానికి ఇంకా కాదు. జీతం మొదలవలేదు, సైనికుడికి ఉండే సౌకర్యాలూ రాలేదు. కాగితం ప్రకారం రిజర్వ్ జాబితాలో ఒక పేరు, అంతే. మళ్లీ ప్రయాణమయ్యే రోజున, వాళ్ల భాషలో ‘షిప్ డేట్’న, రెండోసారి చెయ్యెత్తి ప్రమాణం చేయాలి. అసలు కట్టుబాటు ఆ రెండో ప్రమాణంతోనే.

ఈ రెండింటి నడుమ మనసు మారితే? వెనక్కి రావచ్చు. నాకు వద్దు అని ఒక ఉత్తరం రాసి రిక్రూటింగ్ కార్యాలయానికి పంపితే చాలు, పేరు తీసేయాలి. బెదిరించకూడదు, బలవంతం చేయకూడదు అని సైన్యం నిబంధనలే చెబుతున్నాయి. జైలుండదు, జరిమానా ఉండదు. కానీ ఈ మాట ఏ రిక్రూటింగ్ పోస్టరు మీదా కనిపించదు. కుర్రాడికి తెలిసిందల్లా ‘కాంట్రాక్టు’ అనే పదం. దాన్ని తెంచితే పోలీసులు వస్తారని తరగతి గదిలో ఎవడో ఒకడు చెబుతాడు. ఒక్కోసారి ఆ చెప్పేవాడు రిక్రూటరే. 2005లో హ్యూస్టన్‌లో ఒక రిక్రూటర్, చెప్పిన వేళకు రాకపోతే వారెంటు వస్తుందని ఓ కుర్రాడి ఫోన్లో సందేశం పెట్టి దొరికిపోయాడు. మూడేళ్ల తర్వాత అదే ఊళ్లో ఇంకో రిక్రూటర్, మనసు మార్చుకున్న కుర్రాణ్ని జైలు పేరు చెప్పి బెదిరించిన సంభాషణ రికార్డై బయటపడింది. సైన్యానికి చెడ్డపేరు తెచ్చింది ఆ ఇద్దరే కావచ్చు. కానీ వాళ్ల నోట ఆ మాట వచ్చిందంటే అది పనిచేస్తుందని వాళ్లకు తెలుసు కాబట్టే.

ఒక మెలిక ఉంది. ఈ సౌకర్యం డిలేడ్ ఎంట్రీ వాళ్లకే. మొదట్లో చెప్పుకున్న గార్డ్ కుర్రాడికి ఇది వర్తించదు. వాడు ప్రమాణం చేసిన రోజే తన రాష్ట్ర గార్డ్‌లో సభ్యుడు. బయటపడాలంటే పై అధికారులు ఒప్పుకోవాలి. బల్ల అదే, జెండా అదే, చెయ్యెత్తడం కూడా అదే. కానీ ఒకడిది తిప్పుకోగలిగిన సంతకం, ఇంకొకడిది కాదు. ఏ కాగితం ముందు కూర్చున్నామో అడిగి తెలుసుకోకపోతే పదిహేడేళ్ల పిల్లాడికి ఈ తేడా ఎలా అర్థమవుతుంది?

ఇక కాగితంలో ఉన్న విషయం. రిక్రూటర్ నోట నాలుగేళ్లనో, మూడేళ్లనో వినిపిస్తుంది. కాగితంలో కనిపించే మొత్తం బాధ్యత ఎనిమిదేళ్లు. నాలుగేళ్లు యూనిఫాంలో పనిచేసి ఇంటికొచ్చినా మిగతా నాలుగేళ్లు రిజర్వ్ జాబితాలో పేరు ఉంటుంది, అవసరమైతే పిలవొచ్చు. ఇరాక్ యుద్ధం రోజుల్లో అలా పిలిచారు కూడా. కాగితంలో రాయని వాగ్దానం చెల్లదని అందులోనే ఉంది. చట్టాలు, నిబంధనలు మారితే జీతం, హోదా, సౌకర్యాలు, బాధ్యతలు అన్నీ మారవచ్చు, ఈ ఒప్పందంలో ఏం రాసి ఉన్నా సరే అన్న షరతు కూడా అందులోనే ఉంది. ఒకవైపు కట్టి, రెండోవైపు వదులుగా వదిలేసిన ఒప్పందం ఇది. బ్యాంకు అప్పు కాగితాల్లో ఇలాంటి షరతు కనిపిస్తే మనం నలుగురిని అడక్కుండా సంతకం పెట్టం.

కాఫీ, డోనట్లు, ఫోన్ నంబర్లు

రిక్రూటర్‌ది ఆషామాషీ పని కాదు. అతనికి నెలనెలా ఇంతమంది అని లెక్క ఉంటుంది. ఆ లెక్కకు వాళ్లు పెట్టుకున్న పేరు ‘మిషన్’. ఆర్మీ రిక్రూటింగ్ విభాగం 2004లో తన సిబ్బందికి స్కూళ్లలో ఎలా మెలగాలో చెబుతూ ఒక కరదీపిక ఇచ్చింది. ఉపాధ్యాయుల గదికి కాఫీ, డోనట్లు పట్టుకెళ్లమంటుంది. ఆటల పోటీల్లో సాయపడమంటుంది. విద్యార్థి సంఘం నాయకులను, జట్టు కెప్టెన్లను ముందు మచ్చిక చేసుకోమంటుంది, వాళ్లు చేరకపోయినా చేరేవాళ్లను చూపిస్తారట. ఏ మందుల కంపెనీ రెప్రజెంటేటివ్ చదివినా మెచ్చుకునే పుస్తకం. తేడా ఒక్కటే, ఇక్కడ కొనుగోలుదారుకు మీసాలు కూడా సరిగా రాలేదు.

స్కూలు తలుపులు తెరిచిపెట్టింది చట్టమే. అధ్యక్షుడు జార్జ్ బుష్ 2002 జనవరిలో సంతకం చేసిన ‘నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్’ విద్యా చట్టంలో ఒక సెక్షన్ చేర్చారు. ఫెడరల్ డబ్బు తీసుకునే ప్రతి హైస్కూలూ అడిగితే విద్యార్థుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు రిక్రూటర్లకు ఇవ్వాలి. కాలేజీల వాళ్లను లోపలికి రానిస్తే వీళ్లనూ రానివ్వాలి. 2015లో ఆ చట్టం స్థానంలో కొత్తది వచ్చినా ఈ సెక్షన్ పోలేదు. మా పిల్లల వివరాలు ఇవ్వొద్దని తల్లిదండ్రులు స్కూలుకు రాసిస్తే ఇవ్వకూడదు. ఆ హక్కు ఉంది. ఏడాది మొదట్లో స్కూలు పంపే కాగితాల కట్టలో అది ఎక్కడో అడుగున ఉంటుంది.

‘ఆస్వాబ్’ పరీక్షది ఇంకో దారి. ఏ ఉద్యోగానికి పనికొస్తావో చెబుతామంటూ పది, పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకు స్కూళ్లలోనే ఉచితంగా పెడతారు. సైన్యం ప్రవేశపరీక్ష అదే. పదకొండు, పన్నెండులో రాసిన మార్కులు రెండేళ్లపాటు చేరికకు చెల్లుతాయి. ఫలితాలు రిక్రూటర్లకు వెళ్లకుండా ఆపాలంటే స్కూలు ‘ఆప్షన్ 8’ ఎంచుకోవాలి. 2010లో మేరీల్యాండ్ రాష్ట్రం అన్ని స్కూళ్లకూ దాన్నే తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది, అలా చేసిన మొదటి రాష్ట్రం అదే.

జేఆర్ఓటీసీ అనే పేరు కూడా వినిపిస్తుంది. మన ఎన్‌సీసీ లాంటిది, 1916 నాటి చట్టంతో పుట్టింది. అందులో చేరినంత మాత్రాన సైన్యంలో చేరినట్టు కాదు. మూడేళ్లు పూర్తిచేసి ఆర్మీలో చేరితే మాత్రం రెండు మెట్ల పైనుంచి మొదలుపెట్టొచ్చు. పేద పిల్లలు ఎక్కువగా చదివే కొన్ని స్కూళ్లలో పిల్లలను అడక్కుండానే ఈ తరగతిలో వేసేస్తున్నారని 2022లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది.

రిక్రూటర్‌ను పట్టుకున్న విద్యార్థి

2005లో కొలరాడోలో డెన్వర్ పక్కన ఆర్వాడా వెస్ట్ హైస్కూల్లో డేవిడ్ మెక్‌స్వేన్ అనే 17 ఏళ్ల కుర్రాడు చదివేవాడు. మంచి విద్యార్థి, స్కూలు పత్రికకు రాసేవాడు. ఇరాక్ యుద్ధం నడుస్తోంది, మనుషులు దొరక్క ఆర్మీ ఇబ్బంది పడుతోంది. వాళ్లు ఎంతవరకు దిగజారతారో చూద్దామనుకున్నాడు. రిక్రూటింగ్ కార్యాలయానికి వెళ్లి, నేను స్కూలు మానేశాను, గంజాయి అలవాటుంది, చేర్చుకుంటారా అని అడిగాడు. ఫోన్ మాటలు రికార్డు చేశాడు. లేని స్కూలు పేరు మీద ఇంటర్నెట్లో సర్టిఫికెట్ తెచ్చుకోమని ఒక రిక్రూటర్ సలహా ఇచ్చాడు. 200 డాలర్లు పెట్టి మెక్‌స్వేన్ అది నిజంగానే తెప్పించాడు. మూత్ర పరీక్షలో దొరక్కుండా ఒంట్లోని మత్తు కడిగేసే ద్రవం కొనుక్కోవడానికి ఇంకొకతను కారులో ఎక్కించుకుని దుకాణానికి తీసుకెళ్లాడు. రోడ్డు అవతలి నుంచి స్నేహితుడు ఇదంతా వీడియో తీశాడు.

కథనం ముందు స్కూలు పత్రికలో వచ్చింది. అక్కణ్నుంచి డెన్వర్ టీవీకి, తర్వాత దేశమంతా. హ్యూస్టన్ వారెంటు బెదిరింపు కూడా అప్పుడే బయటపడటంతో ఆర్మీ 2005 మే 20న దేశవ్యాప్తంగా ఒకరోజు చేరికలు ఆపి, రిక్రూటర్లందరికీ నీతి నియమాల పాఠం చెప్పింది. ఆ ఒక్కరోజు పాఠానికి ఒక కారణం పన్నెండో తరగతి పిల్లాడు. అతను తర్వాత పరిశోధనాత్మక విలేకరి అయ్యాడు. జర్నలిజం మీద నమ్మకం సన్నగిల్లిన రోజున ఈ కథ గుర్తుచేసుకోవడం నాకు అలవాటు.

పిల్లలే వయసు దాచి దూరిన కథలు అంతకన్నా పాతవి. రెండో ప్రపంచ యుద్ధంలో కాల్విన్ గ్రాహమ్ 12 ఏళ్లకే నౌకాదళంలో చేరి, సౌత్ డకోటా యుద్ధనౌక మీద గాయపడ్డాడు. అసలు వయసు తెలిసి అతన్ని నిర్బంధించి, పతకాలు లాక్కుని ఇంటికి పంపారు. గౌరవప్రదమైన విడుదల పత్రం కోసం అతను 1978 దాకా ఎదురుచూశాడు. తల్లి సంతకం తానే పెట్టుకుని 14 ఏళ్లకు మెరీన్లలో చేరిన జాక్ లూకస్, ఇవో జిమాలో గ్రెనేడ్ల మీద పడి తోటివాళ్లను కాపాడినప్పటికి అతనికి 17 నిండి ఆరు రోజులు. దేశపు అత్యున్నత పతకం అందుకున్నాడు. అందరికీ ఆ అదృష్టం లేదు. నార్త్ కరోలైనాలో పుట్టి, తర్వాత బ్రూక్లిన్‌కు వచ్చిన నల్లజాతి కుర్రాడు డాన్ బులక్, జనన ధ్రువపత్రంలో తేదీ దిద్ది 14 ఏళ్లకు మెరీన్ అయ్యాడు. 1969 జూన్ 7న వియత్నాంలో ఆన్ హోవా స్థావరం దగ్గర చనిపోయాడు. అప్పటికి 15 ఏళ్లు. ఆ యుద్ధంలో చనిపోయిన అమెరికా సైనికుల్లో అందరికన్నా చిన్నవాడు. 2000 సంవత్సరం దాకా అతని సమాధికి రాయి కూడా లేదు.

ఇప్పుడు తేదీలు దిద్దడం కుదరదు. వైద్య రికార్డులు సైతం కంప్యూటర్లో కనబడిపోతాయి. చిన్నప్పటి ఆస్తమా దాచడం కూడా కష్టమే. 18 నిండనివాళ్లను నేరుగా యుద్ధంలోకి దించకుండా చూస్తామని 2002లో అమెరికా ఐక్యరాజ్య సమితి ఒడంబడికకు అంగీకరించింది. అయితే 17లో సంతకం పెట్టి 18 నిండిన మరునాడు యుద్ధభూమికి వెళ్తే ఆ ఒడంబడికకు అభ్యంతరం లేదు.

ఎవరు, ఎందుకు

అందరూ మోసపోయి చేరరు, ఆ మాట అనుకుంటే మనమే పొరబడ్డట్టు. మన మిలటరీ మాధవరంలో తాత చూపిన దారిలో మనవడు నడిచినట్టే, అక్కడా సైనిక కుటుంబాల పిల్లలే ఎక్కువగా చేరతారు. కొందరికి ఊరు దాటడానికి అదొక్కటే దారి. 2025లో అట్టడుగు హోదా సైనికుడి మూల వేతనం నెలకు 2,300 డాలర్ల పైచిలుకు. తిండి, పడక, వైద్యం సైన్యానివే. మూడేళ్లు పూర్తిగా పనిచేస్తే 36 నెలల కాలేజీ చదువుకు ప్రభుత్వ యూనివర్సిటీ ఫీజు మొత్తం జీఐ బిల్ అనే పథకం భరిస్తుంది. కాలేజీ చదువంటే జీవితకాలపు అప్పుగా మారిన దేశంలో దీన్ని ఎరగా కొట్టిపారేయలేం. చాలామంది జీవితాలు దీనివల్లే గట్టెక్కాయి. నా అభ్యంతరం చేరడం మీద కాదు, తొందర మీద. ఆ జీఐ బిల్ 18 ఏళ్లకు చేరినవాడికీ వస్తుంది, 20 ఏళ్లకు చేరినవాడికీ వస్తుంది. పన్నెండో తరగతి చివరి పరీక్ష రాశాక వచ్చి సంతకం పెట్టమంటే సైన్యానికి పోయేదేమీ లేదు, ఒక్క రిక్రూటర్ నెలవారీ లెక్క తప్ప.

మనవాళ్ల ఇళ్లలో

టెక్సస్‌లోని ఫ్రిస్కో, ఇర్వింగ్ మొదలు జార్జియాలోని ఆల్ఫరెట్టా, న్యూజెర్సీలోని ఎడిసన్ దాకా తెలుగువాళ్ల పిల్లలు చదివేది ఈ ప్రభుత్వ స్కూళ్లలోనే. కొడుకు సాట్ మార్కులు నిద్రలో లేపినా చెప్పే తండ్రికి, స్కూలు తన ఫోన్ నంబరు రిక్రూటర్‌కు ఇచ్చిందన్న సంగతి తెలియకపోవచ్చు. ఆ జాబితాలో పేరు, చిరునామా ఉంటాయి, వీసా సంగతి ఉండదు. అందుకే హెచ్-4 మీద ఉన్న పిల్లలకూ ఫోన్లు రావచ్చు. వాళ్లు చేరలేరు. పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు చేరొచ్చు. గ్రీన్‌కార్డు మీద చేరినవాళ్లకు పౌరసత్వం త్వరగా వచ్చే వీలుంది, రిక్రూటర్ ఆ మాట తప్పకుండా చెబుతాడు.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి. ‘సెలక్టివ్ సర్వీస్’ నమోదు వేరు, సైన్యంలో చేరడం వేరు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లతో సహా 18 నుంచి 25 ఏళ్ల మగపిల్లలందరికీ ఆ నమోదు చట్టం. చెల్లుబాటయ్యే హెచ్-4 మీద ఉన్నవాళ్లకు అక్కర్లేదు. అందులో పేరుంటే ఎవరూ సైన్యానికి తీసుకుపోరు, లేకపోతే మాత్రం రేపు పౌరసత్వం దరఖాస్తులో చిక్కులొస్తాయి. కాబట్టి భయపడి దాన్ని ఎగ్గొట్టొద్దు.

యూనిఫాం మీద నిజంగా ఇష్టమున్న పిల్లలకు హైస్కూల్లోనే తెరుచుకునే దారి ఇంకొకటి ఉంది. హైదరాబాద్ నుంచి వెళ్లిన తండ్రికి పుట్టిన వ్యోమగామి రాజా చారి ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో చదివాడు. అకాడమీలో సీటుకు సాధారణంగా కాంగ్రెస్ సభ్యుడో, సెనెటరో సిఫారసు చేయాలి. అమెరికా పౌరసత్వం ఉండాలి. నాలుగేళ్ల డిగ్రీ ఉచితం, బయటికొచ్చేది అధికారిగా, ఆ పైన కనీసం ఐదేళ్ల సేవ. రిక్రూటర్ ఈ దారి గురించి తనంతట తాను చెప్పడు. అది అతని లెక్కలోకి రాదు మరి.

ఈ విషయంలో మనం వేలెత్తి చూపే స్థితిలోనూ లేం. బ్రిటన్ 16 ఏళ్లకే తీసుకుంటుంది, హారోగేట్‌లో అలాంటి పిల్లల కోసం కాలేజీయే నడుపుతుంది. మన అగ్నిపథ్‌లో కనీస వయసు పదిహేడున్నర. పది పాసైతే జనరల్ డ్యూటీకి అర్హత. 18 నిండకపోతే ఫారం మీద తల్లిదండ్రులే సంతకం పెట్టాలి. నాలుగేళ్లయ్యాక నలుగురిలో ఒకరికే కొనసాగింపు. 2022 జూన్‌లో సికింద్రాబాద్ స్టేషన్లో రైళ్లు తగలబడిన రోజు రోడ్డెక్కిన కుర్రాళ్లు సైన్యం వద్దన్నవాళ్లు కాదు, కావాలన్నవాళ్లు. వాళ్ల కోపానికి ఒక పెద్ద కారణం ఒప్పందంలోని ఆ నాలుగేళ్ల షరతు.

అమెరికాలో పన్నెండో తరగతి పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులకు చెప్పేది ఇదే. స్కూలు తెరిచిన వారంలోనే వివరాలు ఇవ్వొద్దన్న ఉత్తరం ఇవ్వండి. ఆస్వాబ్ రాయిస్తున్నారంటే ఆప్షన్ 8 ఉందా అని కౌన్సిలర్‌ను అడగండి. పిల్లవాడు చేరతానంటే కసరకండి, కాగితాలు ఇంటికి తెమ్మనండి. రిక్రూటర్ లేనప్పుడు ఇద్దరూ కలిసి ప్రతి పేజీ చదవండి. గార్డా, డిలేడ్ ఎంట్రీయా అన్నది మొదటి ప్రశ్న. మొత్తం బాధ్యత ఎన్నేళ్లన్నది రెండోది. ఇచ్చిన మాటల్లో కాగితం మీద లేనివి ఏవన్నది మూడోది. ఇవి తేలేదాకా తల్లిదండ్రుల గడిలో సంతకం పెట్టకండి.